టెన్నిస్ ఎల్బోకు ఏ దారి మేలు: ఇంజెక్షనా, వ్యాయామమా, ఓపిక పట్టడమా?

ఆరు వారాల దగ్గర ఆగి లెక్క చూస్తే టెన్నిస్ ఎల్బోకు, అంటే మోచేతి బయటివైపు వచ్చే నొప్పికి, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను మించిన చికిత్స లేదు. ఏడాది దగ్గర ఆగి చూస్తే అదే ఇంజెక్షన్ ఫిజియోథెరపీ కంటే మాత్రమే కాదు, ఏమీ చేయకుండా ఓపిక పట్టడం కంటే కూడా వెనకబడి కనిపిస్తుంది. ఈ సంగతి చెప్పకుండా సూది వేయడం నొప్పితో వచ్చిన మనిషికి అన్యాయం చేయడమేనని నా గట్టి అభిప్రాయం. తనకు ఈ వారం ముఖ్యమో, వచ్చే ఏడాది ముఖ్యమో తేల్చుకోవలసింది ఆ మనిషే. అలా తేల్చుకోవాలంటే రెండు లెక్కలూ ముందే తెలియాలి.

ఈ జబ్బులో చాలా మందిని మొదట చూసేది ఫ్యామిలీ డాక్టరే. ఎముకల నిపుణుడి దాకా వెళ్లవలసిన అవసరం కొద్దిమందికే వస్తుంది. కాబట్టి ఫ్యామిలీ డాక్టర్ చేతిలో ఉన్న దారులు ఏమిటి, ఏది ఎవరికి సరిపోతుంది, ఏ మాట మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు అన్నదే ఇక్కడ విషయం.

ముందుగా, ఇది టెన్నిస్ ఎల్బోయేనా?

మోచేయి బయటివైపు తడిమితే ఎముక మొన ఒకటి వేలికి తగులుతుంది. మణికట్టును పైకి ఎత్తే కండరాలు చాలావరకు అక్కడి నుంచే మొదలవుతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి పోగుల కట్టను స్నాయువు అంటాం. ఆ మొన దగ్గర స్నాయువు దెబ్బతినడమే టెన్నిస్ ఎల్బో. మనం దేన్నయినా గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు కిందికి వంగిపోకుండా నిలబెట్టేవి ఈ కండరాలే. అందుకే తడిబట్ట పిండినా, సీసా మూత తిప్పినా, తలుపు గడియ లాగినా, ఎవరితోనైనా కరచాలనం చేసినా మోచేతి దగ్గర నొప్పి గుచ్చుతుంది. ఒక్కోసారి అది ముంజేతి పొడవునా కిందికి దిగుతుంది. నిండు గ్లాసు ఎత్తబోతే పట్టు జారిపోతుందేమోనని భయం వేస్తుంది.

పేరులో టెన్నిస్ ఉన్నా, ఈ నొప్పితో వచ్చేవారిలో రాకెట్ ఎన్నడూ పట్టనివారే ఎక్కువ. 1873లో రుంగే అనే జర్మన్ వైద్యుడు దీన్ని మొదట వర్ణించినప్పుడు రాతపని చేసేవారి ఇబ్బందిగానే చెప్పాడు. పెద్దవారిలో నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా దీని బారిన పడతారు. ముప్పై అయిదేళ్ల నుంచి యాభై అయిదేళ్ల లోపు వయసులో ఎక్కువగా వస్తుంది, అదీ ఎక్కువగా వాడే చేతికే. సుత్తి, స్క్రూడ్రైవర్, కత్తెర, రంగులు వేసే బ్రష్ వంటివి గంటల తరబడి పట్టుకునేవారు, మణికట్టు పైకి మడిచి రోజంతా మౌస్ కదిలించేవారు, బరువులు ఎత్తేవారు దీనికి సులువుగా చిక్కుతారు. పొగతాగే అలవాటు ఉన్నవారికి వచ్చే అవకాశం ఇంకొంచెం ఎక్కువ.

దీన్ని గుర్తించడానికి డాక్టర్‌కు యంత్రాలు అక్కరలేదు. ఆ ఎముక మొన మీద, దానికి కాస్త కింద వేలితో నొక్కి చూస్తారు. మోచేయి చాచి, అరచేయి నేల వైపు ఉంచి, మణికట్టు పైకి ఎత్తమంటారు. మీరు ఎత్తుతుంటే తన చేత్తో కిందికి అదుముతారు. మధ్యవేలు ఒక్కదాన్నే పైకి ఎత్తమని దాన్నీ అదిమి చూస్తారు. వీటిలో మీకు తెలిసిన ఆ నొప్పే తెలిసిన చోటే వస్తే చాలు, నిర్ధారణ అయినట్లే. మొదటిసారి చూపించుకున్నప్పుడే ఎక్స్‌రేకో స్కాన్‌కో పంపితే ఎందుకని అడగండి. మామూలు టెన్నిస్ ఎల్బోలో ఎక్స్‌రే ఏమీ చూపదు. స్కాన్‌తో మరో చిక్కు ఉంది. ఏ నొప్పీ లేని మోచేతుల్లో కూడా అరుగుదల, చిన్న చీలిక లాంటి మార్పులు కనిపిస్తుంటాయి. రిపోర్టులో ‘చీలిక’ అన్న మాట చదివాక మనిషి చేయి కదిలించడానికే భయపడితే, ఆ స్కాన్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరిగినట్లు.

అయితే పరీక్ష చేసే డాక్టర్ మెడను కూడా చూడాలి. మెడలో నరం నొక్కుకుపోయినా నొప్పి మోచేతి దాకా దిగుతుంది. అప్పుడు సాధారణంగా మెడ తిప్పితే నొప్పి మారుతుంది, చేతిలో తిమ్మిరి ఉంటుంది. ముంజేతిలో నరం నొక్కుకుపోతే నొప్పి ఎముక మొన మీద కాకుండా మూడు నాలుగు వేళ్ల వెడల్పు కిందికి ఉంటుంది. కీలు అరిగినవారికి మోచేయి పూర్తిగా చాచడమే కష్టమవుతుంది, కదిలిస్తే పట్టేసినట్లు ఉంటుంది. ఇవన్నీ విడదీసి చూడడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలు పెట్టే డాక్టర్ దొరికితే వదులుకోవద్దు.

కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం ఈ వ్యాసంలోని పోలికలన్నీ పక్కన పెట్టి వెంటనే చూపించుకోవాలి. పడిపోయాకో దెబ్బ తగిలాకో మొదలైన నొప్పి, మోచేయి వాచి ఎర్రబడి వేడిగా ఉండడం, జ్వరం, వేళ్లు పైకి లేవకపోవడం, చేయి మొద్దుబారడం, కదలకుండా పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, బరువు తగ్గిపోవడం ఈ కోవలోకి వస్తాయి. చిన్నపిల్లలకు మోచేతి నొప్పి వస్తే దాన్ని టెన్నిస్ ఎల్బో అనుకుని ఇంట్లో ఉంచేయకూడదు.

దానంతట అది తగ్గుతుందా?

తగ్గుతుంది. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాది లోపల చాలావరకు నయమవుతుంది. ఈ మాట వినగానే కొందరికి ఊరట కలుగుతుంది, కొందరికి ‘ఏడాదా?’ అని గుండె జారుతుంది. రెండూ న్యాయమైనవే. నొప్పి నేరుగా తగ్గుతూ పోదు. ఒక వారం హాయిగా ఉంటుంది, ఏదో బరువు ఎత్తిన మర్నాడు మళ్లీ మొదటికి వచ్చినట్లు అనిపిస్తుంది. నెల నెలకు పోల్చి చూసుకుంటే మెరుగుదల కనిపిస్తుంది, రోజు రోజుకు పోల్చుకుంటే కనిపించదు.

ఇంతకాలం ఎందుకు పడుతుందో తెలిస్తే చికిత్సల తేడా కూడా అర్థమవుతుంది. దీన్ని చాలా ఏళ్లు వాపు జబ్బుగానే అనుకున్నారు. 1979లో నిర్ష్ల్, పెట్రోన్ అనే శస్త్రవైద్యులు ఆపరేషన్‌లో తీసిన స్నాయువు ముక్కలను పరిశీలించి రాసిన దాంట్లో వేరే చిత్రం కనిపించింది. వాపుకు గుర్తుగా ఉండే కణాలు దాదాపు లేవు. వరుసగా ఉండవలసిన పోగులు చిందరవందరగా ఉన్నాయి, మధ్యలో అవసరం లేని చిన్న రక్తనాళాలు పుట్టుకొచ్చాయి. అంటే మాటిమాటికీ పడిన భారానికి తట్టుకోలేక దెబ్బతిన్న స్నాయువు సరిగా మరమ్మతు కాలేదన్నమాట. అలాంటి కణజాలం మళ్లీ బలపడాలంటే నెలలు పడుతుంది. స్టెరాయిడ్ లాంటి, వాపును అణచే మందు నొప్పిని తగ్గించవచ్చు గానీ పోగులను తిరిగి పేర్చలేదు.

మూడు ప్రధాన దారులు ఎదురెదురుగా

ఈ విషయంలో మనం అదృష్టవంతులం. ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికి వచ్చే మామూలు రోగుల మీదే మంచి పరిశోధనలు జరిగాయి. నెదర్లాండ్స్‌లో 185 మందిని మూడు గుంపులుగా విడదీసి చేసిన పరిశోధన 2002లో వెలువడింది. ఒక గుంపుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఒక గుంపుకు ఫిజియోథెరపీ, మూడో గుంపుకు సలహాలు చెప్పి వేచి చూడడం. ఆరు వారాలకు ఇంజెక్షన్ గుంపులో నూటికి 92 మంది బాగుపడ్డారు. ఫిజియోథెరపీలో 47 మంది, వేచి చూసినవారిలో 32 మంది. ఇక్కడితో పరిశోధన ఆపేసి ఉంటే ఈ వ్యాసం అక్కరలేదు. కానీ ఏడాది దాకా చూశారు. అప్పటికి ఇంజెక్షన్ గుంపులో నూటికి 69 మంది మాత్రమే బాగున్నారు. ఫిజియోథెరపీ తీసుకున్నవారిలో 91 మంది, వేచి చూసినవారిలో 83 మంది బాగున్నారు. చివరి రెండింటి మధ్య తేడా గట్టిగా నిలబడేంత పెద్దది కాదు.

2006లో ఆస్ట్రేలియాలో 198 మందితో మళ్లీ ఇదే పోలిక చేశారు. ఆరు వారాలకు ఇంజెక్షన్ గుంపులో నూటికి 78 మంది, ఫిజియోథెరపీలో 65 మంది, వేచి చూసినవారిలో 27 మంది మెరుగయ్యారు. తర్వాతి నెలల్లో ఇంజెక్షన్ తీసుకున్నవారిలో నూటికి 72 మందికి నొప్పి తిరగబెట్టింది. ఈ సంఖ్య దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పదిమందిలో ఏడుగురు అంటే ఇది అరుదైన దుష్ఫలితం కాదు, మామూలుగా జరిగేది అదే.

మందు వల్ల కాదేమో, నొప్పి తగ్గింది కదా అని తొందరపడి బరువు పనులకు దిగడం వల్ల తిరగబెట్టిందేమో అన్న అనుమానం సహజం. 2013లో వచ్చిన మరో పరిశోధనలో 165 మందికి ఇంజెక్షన్ వేశారు. కొందరికి అందులో స్టెరాయిడ్, కొందరికి ఉప్పునీరు. ఏది ఎవరికి వేశారో రోగులకు తెలియదు. ఏడాది తర్వాత ఉప్పునీరు పొందినవారిలో నూటికి 96 మంది పూర్తిగానో చాలావరకో కోలుకున్నారు, స్టెరాయిడ్ పొందినవారిలో 83 మంది. నొప్పి తిరగబెట్టినవారు స్టెరాయిడ్ గుంపులో 54 శాతం, ఉప్పునీటి గుంపులో 12 శాతం. స్టెరాయిడ్‌తో పాటు ఫిజియోథెరపీ చేయించినా ఆ నష్టం పూడలేదు.

నొప్పి మాత్రల సంగతి 1999లో బ్రిటన్‌లోని ఫ్యామిలీ డాక్టర్ల దగ్గర 164 మందితో చేసిన పరిశోధన తేల్చింది. నాలుగు వారాలకు ఇంజెక్షన్ వేసుకున్నవారిలో 92 శాతం, నాప్రాక్సెన్ మాత్ర వేసుకున్నవారిలో 57 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 50 శాతం మెరుగయ్యారు. అంటే నాప్రాక్సెన్‌కూ ఉత్తుత్తి మాత్రకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడాదికి మూడు గుంపులూ దాదాపు ఒకే చోటికి చేరాయి.

ఈ అంకెలన్నీ కలిపి చూశాక నా ఎంపిక ఇది. పనులు నెట్టుకురాగలిగినవారికి మొదటి దారి సరైన సలహాతో కూడిన ఓపిక. పనికి అడ్డం వస్తున్నవారికి, త్వరగా మెరుగుదల కావాలనుకునేవారికి వ్యాయామం ప్రధానంగా ఉన్న ఫిజియోథెరపీ. ఇంజెక్షన్ చివరిది. దాన్ని వద్దే వద్దనడం లేదు, దాని సందర్భం కిందికి వస్తుంది. ఫిజియోథెరపీ ఏడాది చివర ఓపిక కంటే పెద్దగా ముందుండదు గానీ, మొదటి నెలల్లో ముందుంటుంది. 2013 పరిశోధనలో స్టెరాయిడ్ తీసుకోనివారిని మాత్రమే చూస్తే, నాలుగు వారాలకు ఫిజియోథెరపీతో 39 శాతం మంది బాగా మెరుగయ్యారు, అది లేనివారిలో 10 శాతం మందే. ఫిజియోథెరపీకి వెళ్లినవారు నొప్పి మందులు వంటి అదనపు చికిత్సల కోసం వెతుక్కోవడం కూడా తక్కువేనని 2006 పరిశోధన చూపింది.

ఓపిక పట్టడమంటే ఊరికే ఉండడం కాదు

‘ఏమీ అక్కరలేదు, అదే పోతుంది’ అని పంపేయడాన్ని వేచి చూసే చికిత్స అనలేం. పరిశోధనల్లో ఆ గుంపులో ఉన్నవారికి కూడా ఏం చేయాలో, ఏం మానాలో విడమరచి చెప్పారు. ఆ మాటలే అసలు మందు.

చేతిని పూర్తిగా వాడకుండా కట్టిపెట్టడం పొరపాటు. స్నాయువు భారం లేకపోతే ఇంకా బలహీనపడుతుంది. మానవలసింది నొప్పిని రేపే ఒకటి రెండు కదలికలనే. వాటిలో ముఖ్యమైనది అరచేయి నేల వైపు ఉంచి, చేయి చాచి బరువు ఎత్తడం. అదే వస్తువును అరచేయి పైకి ఉండేలా, మోచేయి మడిచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తితే బరువు మరో వైపు కండరాల మీదికి మారుతుంది. ఇది నేర్చుకున్నవారికి చాలాసార్లు ఆ వారంలోనే తేడా తెలుస్తుంది. బరువును రెండు చేతులతో ఎత్తండి. సన్నని పిడి ఉన్న పనిముట్టుకు గుడ్డో రబ్బరో చుట్టి లావు చేస్తే బిగించి పట్టుకోవలసిన అవసరం తగ్గుతుంది. మౌస్ వాడేటప్పుడు ముంజేయి బల్ల మీద ఆనాలి, మణికట్టు పైకి మడిచి ఉండకూడదు. కొన్నాళ్లు మౌస్‌ను రెండో చేతికి మార్చుకోవడం కూడా మంచిదే. ఒకే పని గంటల తరబడి చేయవలసి వస్తే మధ్యలో వేరే పని కల్పించుకోవడం పూర్తిగా సెలవు పెట్టడం కంటే మేలు. పని తీరు మార్చుకోవడానికి యజమానికి డాక్టర్ రాసే చిన్న ఉత్తరం ఒక్కోసారి ఏ మాత్ర కంటే కూడా ఎక్కువ పనిచేస్తుంది.

డాక్టర్ చెప్పవలసిన ఇంకో మాట ఉంది: నొప్పి వచ్చినంత మాత్రాన చేయి పాడైపోతున్నట్లు కాదు. ఈ ఒక్క హామీ లేక చాలామంది చేతిని దాచుకుని కూర్చుంటారు.

వ్యాయామం: చేయవలసింది ఇదీ

ఫిజియోథెరపీ అనగానే కరెంటు, వేడి, యంత్రాలు గుర్తొస్తాయి. టెన్నిస్ ఎల్బోలో వాటి పాత్ర చిన్నది. స్నాయువుకు మెల్లమెల్లగా బరువు అలవాటు చేయడమే ముఖ్యం. అందుకని ఫిజియోథెరపిస్టును ఎంచుకునేటప్పుడు ‘ఇంట్లో చేసుకోవడానికి ఏం నేర్పుతారు?’ అని అడగండి. జవాబు లేకపోతే ఇంకొకరిని చూడండి.

నొప్పి బాగా ఉన్న తొలి రోజుల్లో కదలిక లేని వ్యాయామంతో మొదలుపెడతారు. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉంచి, మణికట్టును పైకి ఎత్తబోతూ రెండో చేత్తో అడ్డుకోవాలి. చేయి కదలదు, కండరం మాత్రం బిగుస్తుంది. ముప్పై నుంచి నలభై అయిదు సెకన్లు అలా ఉంచి వదలాలి. నాలుగైదు సార్లు చేస్తే చాలు. ఇది కుదురుకున్నాక బరువు వస్తుంది. అదే విధంగా కూర్చుని, చేయి బల్ల అంచు దాటి ఉండేలా చూసుకుని, అరకిలో బరువు పట్టుకోవాలి. రెండో చేతి సాయంతో మణికట్టు పైకి ఎత్తి, సాయం తీసేసి, మూడు నాలుగు సెకన్లు తీసుకుంటూ నెమ్మదిగా కిందికి దించాలి. పది పదిహేను సార్లు, మధ్యలో కాస్త విరామంతో మూడు విడతలు, రోజుకు ఒకసారి. సులువైపోయిందనిపిస్తే బరువు కొద్దిగా పెంచాలి. తర్వాత సాయం లేకుండా ఎత్తడం, దించడం రెండూ చేయాలి. భుజం కండరాలనూ బలపరిస్తే మోచేతి మీద భారం తగ్గుతుంది.

ఎంత నొప్పి వరకు భరించవచ్చు అన్నది అందరూ అడిగే ప్రశ్న. పదికి మూడు, మహా అయితే నాలుగు దాకా ఫరవాలేదు. మర్నాడు ఉదయానికి అది మామూలు స్థాయికి వచ్చేయాలి. రాకపోతే బరువు తగ్గించాలి, వ్యాయామం మానకూడదు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టుదలగా చేయాలి. రెండు వారాలు చేసి ‘నాకు పనిచేయలేదు’ అనుకునేవారే ఎక్కువ. ఈ దారిలో ఉన్న నిజమైన ఇబ్బంది ఇదే. ఇంజెక్షన్‌కు ఓపిక అక్కరలేదు, దీనికి రోజూ కావాలి. రోజూ చేయలేనని ముందే తెలిసినవారు ఆ మాట డాక్టర్‌తో దాచకుండా చెబితే, పని మార్పులు, పట్టీ వంటి వాటితో వేరే పథకం వేయవచ్చు.

ఇంజెక్షన్ ఎప్పుడు?

ఇంత చెప్పాక కూడా ఇంజెక్షన్‌కు చోటు ఉందంటాను, చాలా చిన్న చోటు. నొప్పితో నిద్ర పట్టనివారు, రెండు మూడు వారాల్లో తప్పించుకోలేని పని ముందున్నవారు, తర్వాత తిరగబెట్టే అవకాశం ఎక్కువని తెలిసి కూడా ఆ కొన్ని వారాలు తమకు అంత విలువైనవని నిర్ణయించుకున్నవారు తీసుకోవచ్చు. అది వారి హక్కు. తీసుకున్నాక నొప్పి మాయమైందని బరువు పనులు మొదలుపెట్టకూడదు.

దుష్ఫలితాలు కూడా తెలుసుకోవాలి. మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి ఇంకా పెరగవచ్చు. సూది గుచ్చిన చోట చర్మం పలుచబడి, రంగు పోయి తెల్లటి మచ్చ మిగలవచ్చు. ఇక్కడ ఎముక చర్మానికి దగ్గరగా ఉండడం వల్ల ఆ మచ్చ బయటికి కనిపిస్తుంది, ముదురు రంగు చర్మం మీద మరింత స్పష్టంగా. మధుమేహం ఉన్నవారికి కొన్ని రోజులపాటు చక్కెర పెరుగుతుంది, తరచుగా పరీక్షించుకోవాలి. ఒకసారి వేయించుకున్నాక తిరగబెడితే మళ్లీ వేయించుకోవడం, ఆ తర్వాత ఇంకోసారి... ఈ వరుస నాకు అన్నిటికంటే ఆందోళన కలిగిస్తుంది. మొదటి ఇంజెక్షన్ నిలబడకపోతే రెండోది ఎందుకు నిలబడుతుందో చెప్పగలిగితే తప్ప వేయకూడదు.

మాత్రలు, పూతమందులు, పట్టీలు

పూతమందుగా రాసుకునే డైక్లోఫెనాక్ వంటివి కొద్ది రోజుల ఉపశమనం ఇస్తాయి, కడుపుకు హాని తక్కువ. మాత్రల్లో అయితే ముందు పారాసిటమాల్ చూడవచ్చు. ఇబుప్రోఫెన్, నాప్రాక్సెన్ వంటివి తప్పనిసరైతే కొద్ది రోజులే. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, రక్తం పలుచన చేసే మందులు వాడేవారు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా వీటి జోలికి వెళ్లకూడదు.

ముంజేతికి చుట్టే పట్టీ కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి ఏమీ తేడా ఉండదు. పరిశోధనలూ అలాగే రెండు విధాలా చెప్పాయి. ప్రమాదం లేనిది కాబట్టి ప్రయత్నించి చూడడంలో తప్పు లేదు. నొప్పి ఉన్న ఎముక మీద కాదు, దానికి రెండు వేళ్ల కింద, కండరం ఉబ్బుగా ఉన్నచోట చుట్టాలి. వేళ్లు తిమ్మిరెక్కితే మరీ బిగువుగా ఉన్నట్లు. పని చేసేటప్పుడు పెట్టుకుని, పడుకునేటప్పుడు తీసేయాలి.

కొత్తగా వినిపించేవి

సొంత రక్తం నుంచి ప్లేట్‌లెట్లు వేరుచేసి ఎక్కించే పీఆర్‌పీ ఇంజెక్షన్ ఆశ కలిగించేదిగా కనిపిస్తుంది. 2021లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 32 పరిశోధనలను కలిపి చూసి, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోలిస్తే నొప్పిలోగానీ చేతి పనిలోగానీ లెక్కలోకి వచ్చేంత మేలు బహుశా ఉండదని తేల్చింది. యంత్రంతో నొప్పి ఉన్న చోటికి తరంగాలు పంపే షాక్‌వేవ్ చికిత్స గురించి అదే సంస్థ 2005లో ఇంచుమించు అదే మాట చెప్పింది. ఈ రెండింటికీ డబ్బు ఖర్చు పెట్టమని నేను ఎవరికీ చెప్పలేను. గుండెనొప్పికి వాడే నైట్రేట్ పట్టీలను మోచేతి మీద అంటించే పద్ధతి కూడా ఉంది. తలనొప్పి తెస్తుంది కాబట్టి డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి.

ఆపరేషన్ గురించి మాత్రం ఒక పరిశోధన చెప్పుకోవాలి. 2018లో ఆస్ట్రేలియాలో 26 మందితో చేసినది. సగంమందికి దెబ్బతిన్న స్నాయువు భాగాన్ని తొలగించారు. మిగతావారికి చర్మం కోసి, స్నాయువును బయటికి కనిపించేలా చేసి, దాన్ని ముట్టకుండానే కుట్టేశారు. రెండు గుంపులవారూ ఒకేలా మెరుగయ్యారు. చిన్న పరిశోధనే, కానీ ఆపరేషన్ తర్వాత కలిగే మేలులో కత్తి వాటా ఎంత, కాలం వాటా ఎంత అన్న ప్రశ్నను సూటిగా అడిగింది. ఆరు నెలల నుంచి ఏడాది దాకా సరైన వ్యాయామం చేసి కూడా జీవితం నడవనివారికి తప్ప ఆపరేషన్ మాట ఎత్తకూడదని నేను భావిస్తాను.

మీ పరిస్థితికి ఏది?

నొప్పి మొదలై నెల కాలేదు, పనులు జరుగుతున్నాయి అంటే ఎత్తే తీరు మార్చుకోండి, పూతమందు రాసుకోండి, ఆరు వారాలు చూడండి. చేతిపని మీదే బతుకు ఉండి, ఎక్కువగా వాడే చేయే దెబ్బతిని, మొదటి నుంచీ నొప్పి తీవ్రంగా ఉంటే ఆగకండి. ఇలాంటివారికి కోలుకోవడం ఆలస్యమవుతుంది కాబట్టి తొలి నెలలోనే వ్యాయామం, పని మార్పు రెండూ మొదలుకావాలి. మెడనొప్పి కూడా ఉంటే ఫిజియోథెరపిస్టు మెడను కలిపే చూడాలి. మధుమేహం ఉన్నవారికి, ఇంతకుముందే ఒక ఇంజెక్షన్ తర్వాత నొప్పి తిరగబెట్టినవారికి ఇంజెక్షన్ కంటే వ్యాయామం వైపే నా మొగ్గు.

ఆరు వారాల తర్వాత మళ్లీ డాక్టర్‌ను కలవండి. అప్పుడు ‘ఇంకా నొప్పిగానే ఉంది’ అని ఊరుకోకుండా, ఏ పని చేయగలుగుతున్నారు, ఏది చేయలేకపోతున్నారు అన్నది చెప్పండి. నొప్పి లేకుండా ఎంత గట్టిగా పిడికిలి బిగించగలుగుతున్నారో రెండు చేతులనూ పోల్చి చూసుకుంటే మెరుగుదల తేలిగ్గా తెలుస్తుంది. మూడు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేసినా ఏ మార్పూ లేకపోతే బరువు పెంచడమో మరో ఇంజెక్షనో కాదు, నిర్ధారణనే మళ్లీ మొదటి నుంచి చూడాలి. మెడ, ముంజేతిలోని నరం, మోచేతి కీలు మూడింటినీ డాక్టర్ మళ్లీ పరీక్షించాలి. ఎక్స్‌రేకైనా స్కాన్‌కైనా నిపుణుడి దగ్గరికైనా పంపవలసిన సమయం అప్పుడే.